మీరు అడిగారు: ఋషులు చెప్పారంటే ఇక ప్రశ్నించకూడదా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చాలావరకు ఆయుర్వేదం మీదే ఉన్నాయండీ. కొన్ని నిజంగా తెలుసుకుందామని అడిగినవి, కొన్నేమో ఇంట్లో అత్తాకోడళ్ల మధ్యో తండ్రీకొడుకుల మధ్యో నడుస్తున్న గొడవకి నన్ను పెద్దమనిషిగా కూర్చోబెడదామని రాసినవి. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు మాస్టార్నండీ. ఆయుర్వేదం ఋషులు తపస్సులో దర్శించిన విద్య, ఐదు వేల ఏళ్లుగా ఒక్క అక్షరం మారలేదు, దాన్ని ప్రశ్నించడమే తప్పు అని నేనంటాను. మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడేమో అదంతా చెత్త అంటాడు. ఎవరు కరెక్టో చెప్పండి. — గుడివాడ

జవాబు: మాస్టారూ, కోప్పడకండి, ఇద్దరూ పుస్తకం తెరవకుండానే వాదించుకుంటున్నారు అనిపిస్తోంది.

మీ మాటే ముందు చూద్దాం. ఆయుర్వేదానికి మూల గ్రంథాల్లో ఒకటైన చరక సంహిత చరకుడు ఒక్కడే కూర్చుని రాసింది కాదు. పునర్వసు ఆత్రేయుడి దగ్గర ఆరుగురు శిష్యులు చదువుకున్నారు, అగ్నివేశుడు, భేలుడు, జతూకర్ణుడు, పరాశరుడు, హారీతుడు, క్షారపాణి. ఆరుగురూ తలా ఒక పుస్తకం రాశారని అందులోనే ఉంది. అగ్నివేశుడు రాసినదాన్ని ఎన్నో తరాల తర్వాత చరకుడు తిరగరాశాడు, అది సుమారు 2000 ఏళ్ల కిందటి మాట. అదీ పూర్తిగా మిగల్లేదు, 120 అధ్యాయాల్లో 41 అధ్యాయాలు దొరక్కపోతే దృఢబలుడు అనే ఆయన ఇతర గ్రంథాలన్నీ చూసి ఏరి పూరించాడు, పూరించానని దాచుకోకుండా చెప్పుకున్నాడు కూడా. కాబట్టి ఒక్క అక్షరం మారలేదు అన్న మాట ఆ పుస్తకమే ఒప్పుకోదు.

ఇంక ప్రశ్నించకూడదు అన్నారు చూశారా, అక్కడ అసలు కథ ఉంది. చరక సంహితలో సూత్రస్థానం అనే భాగంలో 26వ అధ్యాయం ఒకసారి చదవండి మాస్టారూ, మీకు సంస్కృతం వచ్చు కాబట్టి ఇంకా బాగుంటుంది. చైత్రరథం అనే అడవిలో ఋషులంతా కూర్చుని రుచులు ఎన్ని అని మాట్లాడుకుంటారు. భద్రకాప్యుడు ఒకటే అంటాడు, ఇంకొకాయన రెండు, మరొకాయన మూడు, అలా పెరుగుతూ పోయి విదేహ రాజు నిమి ఏడు అంటాడు, బడిశుడు ఎనిమిది అంటాడు, బాహ్లిక దేశం నుంచి, అంటే ఇప్పటి అఫ్ఘనిస్తాన్ వైపు నుంచి వచ్చిన కాంకాయనుడు అసలు లెక్కే లేదు పొమ్మంటాడు. అప్పుడు ఆత్రేయుడు ఒక్కొక్కరి వాదం ఎక్కడ తప్పిందో కారణాలు చూపించి ఆరు అని తేలుస్తాడు. మనం ఉగాది పచ్చడిలో కలిపే ఆరు రుచుల లెక్క ఇలా చర్చకి నిలబడి వచ్చింది, ఎవరో చెప్పారు నోరు మూసుకోండి అంటే వచ్చింది కాదు. అదే పుస్తకంలో విమానస్థానం అనే భాగంలో అయితే తోటి వైద్యులతో ఎలా చర్చించాలి, ఎదుటివాడు మొండివాడైతే ఎలా, మంచివాడైతే ఎలా అని పెద్ద పాఠమే ఉంది, అది చదివితే ఇప్పటి టీవీ డిబేట్లకి పనికొచ్చే చిట్కాలు కూడా దొరుకుతాయి (కొన్ని చిట్కాలు మరీ అంత మర్యాదగా ఉండవు లెండి).

తర్వాత కొన్ని వందల ఏళ్లకి వాగ్భటుడు వచ్చి అష్టాంగ హృదయం అనే వైద్య గ్రంథం రాశాడు. ఇది ఋషి రాసింది కాదు కదా అని అప్పుడు కూడా ఎవరో సణిగి ఉంటారు, ఎందుకంటే ఆయన పుస్తకం చివర్లో గట్టిగానే అడుగుతాడు, ఋషులు రాసిందే కావాలంటే మీరు చరకుణ్ణి, శస్త్రవైద్యానికి పేరుపడ్డ సుశ్రుతుణ్ణి పక్కన పెట్టి భేలుణ్ణి ఎందుకు చదవట్లేదు, ఆయనా ఋషే కదా, కాబట్టి ఎవరు చెప్పారని కాదు, బాగా చెప్పింది ఏదైతే అది తీసుకోండి అని. ఆ భేలుడి పుస్తకం గతి ఏమైందో తెలుసా, చాలాకాలం పాటు లోకం మొత్తం మీద తెలిసింది ఒక్క ప్రతే, అదీ తంజావూరు రాజుల లైబ్రరీలో, అదీ మన తెలుగు లిపిలో! ఎవరో తెలుగాయన 17వ శతాబ్దంలో కూర్చుని కాపీ చేసిపెట్టాడు కాబట్టి మిగిలింది, అదీ చిరిగి, అక్కడక్కడా ఆకులు పోయి.

మీ అబ్బాయికి ఇవన్నీ చెప్పండి. చెత్త అనేవాడు కూడా దేన్ని చెత్త అంటున్నాడో చదివి చెప్పాలి కదా, కింద ప్రశ్నల్లో వాడికి నచ్చేవీ ఉన్నాయి, మీకు నచ్చేవీ ఉన్నాయి.

ప్రశ్న: మా ఆయనకు షుగర్, ఏడెనిమిది ఏండ్ల సంది ఇన్సులిన్ మీద ఉన్నడు. యూట్యూబ్‌ల ఎవరో చూర్ణం అమ్ముతున్నరు, మూడు నెలల్లో ఇన్సులిన్ బంద్ అయితదంట, మహర్షుల ఫార్ములా అంట. ఆయన అప్పుడే సూదులు తగ్గిస్తున్నడు. ఏం చెయ్యాలె? — నిజామాబాద్

జవాబు: అక్కా, ముందు ఇవ్వాళే సూది డాక్టర్ రాసిన లెక్కకి తీసుకురండి, మిగతా మాటలు తర్వాత. ఇన్సులిన్ ఉన్నట్టుండి ఆపితే కొంతమందికి ఒకట్రెండు రోజుల్లోనే ఒంట్లో ఆమ్లాలు పేరుకుని వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం దాకా పోతుంది, ఐసీయూ కేసు అవుతుంది. వాంతులు, ఆయాసం మొదలైతే చూర్ణం అమ్మినాయనకి ఫోన్ చెయ్యకండి, నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఇంక మహర్షుల ఫార్ములా సంగతి. సుశ్రుతుడు ఈ జబ్బుని రెండు రకాలుగా చెప్పాడు, పుట్టుకతో వచ్చేది, తిండీ బద్ధకం వల్ల వచ్చేది. మొదటి రకం వాళ్ళు సన్నగా ఉంటారు, దాహం ఎక్కువ, రెండో రకం లావుగా ఉంటారు, తిండి ఎక్కువ, కూర్చునే ఉంటారు అని రాశాడు. ఇప్పటి డాక్టర్లు చెప్పే రెండు రకాలకి ఎంత దగ్గరగా ఉందో చూడండి, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన గమనింపు. కానీ ఇదే జబ్బు గురించి చరకుడేమన్నాడు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ప్రమేహం (షుగర్ లాంటి జబ్బులకి పాత పేరు) నయం కాదు అని చెప్పేశాడు. అంటే మహర్షే నయం కాదన్నదాన్ని ఈ యూట్యూబ్ ఆయన మూడు నెలల్లో నయం చేస్తానంటున్నాడు!

డబ్బూ చుట్టాలూ లేని రోగికి సుశ్రుతుడు ఏం రాశాడో వింటే నవ్వొస్తుంది, చెప్పులు లేకుండా గొడుగు లేకుండా ఊరికి ఒక్క రాత్రి చొప్పున ఉంటూ వంద యోజనాలు నడువు అన్నాడు, డబ్బున్నవాడికి శ్యామాకం, నీవారం లాంటి అడవి ధాన్యాలు తిను అన్నాడు, ఇంకొకడికి బావి తవ్వమన్నాడు. మీ ఆయన ఇన్సులిన్ తీసుకుంటూనే నడక, తిండి మార్చుకోవచ్చు, దానికి ఏ డాక్టరూ వద్దనరు. చెప్పులు మాత్రం వేసుకోవాలి, షుగర్ ఉన్నోళ్లకి పాదం స్పర్శ తగ్గుతుంది, చిన్న ముల్లు పెద్ద పుండవుతుంది, ఈ విషయంలో సుశ్రుతుడి మాట పక్కన పెట్టండి. నడక పెంచినా తిండి తగ్గించినా షుగర్ పడిపోవచ్చు కూడా, అందుకే డోసు మార్చేది డాక్టరే.

షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం ప్రకారం నేరం, ఆయుర్వేదమైనా ఇంకేదైనా. ఆ వీడియో లింకు పెట్టి మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కంప్లయింట్ ఇవ్వొచ్చు.

ప్రశ్న: సార్, సుశ్రుతుడు ప్లాస్టిక్ సర్జరీ చేశాడంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. నిజమేనా? ఇంటర్ బైపీసీ స్టూడెంట్‌ని. — అనకాపల్లి

జవాబు: నవ్వనీ తమ్ముడూ, ఇది నిజం, వాట్సాప్‌లో వచ్చేదానికన్నా అసలు సంగతి ఇంకా బాగుంటుంది.

ముక్కు తెగినవాడికి ఏం చెయ్యాలో సుశ్రుత సంహితలో స్టెప్ బై స్టెప్ ఉంది. ఒక ఆకుని ముక్కు సైజుకి కత్తిరించుకో, దాన్ని చెంప మీద పెట్టి అంత మేర చర్మం కోయి, కానీ పూర్తిగా వేరు చేసెయ్యకు, ఒక వైపు అతుక్కునే ఉండాలి, ముక్కు మొండాన్ని కొంచెం గీకి దాని మీదికి తిప్పి కుట్టెయ్యి, ఊపిరాడటానికి రెండు గొట్టాలు పెట్టు, పైన మందు పొడి చల్లి నువ్వుల నూనె పోస్తూ ఉండు అని. చర్మాన్ని ఒక వైపు ఉంచమన్నాడు చూడు, దాంట్లోనే ఉంది తెలివంతా, రక్తం అందకపోతే ఆ ముక్క చచ్చిపోతుంది కదా.

నాకు ఇంకా ఇష్టమైన అధ్యాయం ఇంకోటుంది. గురువు దగ్గర ఎంత చదివినా చేత్తో ప్రాక్టీస్ చెయ్యనివాడు పనికి రాడు అని చెప్పి, కోత నేర్చుకోవడానికి గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయ, పుచ్చకాయ, చీల్చడానికి నీళ్లూ బురదా నింపిన తోలు సంచి, గుచ్చడానికి చచ్చిన జంతువుల నరాలు, తామర తూళ్లు, కుట్లకి మందపాటి గుడ్డ, మెత్తటి తోలు, కట్లు కట్టడానికి మనిషి బొమ్మ అని లిస్టు ఇచ్చాడు. పరికరాలు 121 చెప్పాడు, 101 యంత్రాలు, 20 శస్త్రాలు. శవాన్ని పంజరంలో పెట్టి పారే నీళ్లలో ఏడు రాత్రులు నానబెట్టి పొరపొరా చూడమన్నాడు కూడా.

ఇప్పుడు అసలు ట్విస్టు. 1794లో లండన్‌లోని జెంటిల్మెన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలే కావస్‌జీ అనే ఆయన టిప్పు సుల్తాన్ మనుషులకి దొరికితే ముక్కు కోసేశారు, తర్వాత పూణే దగ్గర ఒకాయన నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు, బొమ్మతో సహా వేశారు. అది చదివి జోసెఫ్ కార్ప్యూ అనే ఇంగ్లీషు సర్జన్ 1814లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు, అక్కణ్ణుంచి యూరప్ అంతా పాకింది. ఆ పూణే ఆపరేషన్ చేసినాయన ఎవరనుకుంటున్నావ్, ఆ ఉత్తరం ప్రకారం ఇటుకలు చేసే కులంవాడు. సంస్కృత పుస్తకం చూసి చేశాడని అందులో లేదు. మన పండితులు చాలామంది కత్తి వదిలేసి మందులకే పరిమితమైపోయారు, చేతి పని వేరే కులాల వాళ్ల దగ్గర బతికింది. మహర్షుల గొప్ప చెప్పుకునేటప్పుడు ఈయన్ని ఎవరూ తలుచుకోరు, పేరు కూడా దొరకదు, నాకైతే అదే బాధ.

ప్రశ్న: మా పాపకి ఇరవై రోజులు. అత్తగారు ఇండియా నుంచి వచ్చారు, తేనె నాకించాలి, వస కొమ్ము అరగదీసి పెట్టాలి, మాటలు బాగా వస్తాయి, చరకుడే చెప్పాడు అంటున్నారు. ఇక్కడి పీడియాట్రిషన్ తేనె అస్సలు వద్దంది. — డాలస్

జవాబు: అమ్మా, మీ అత్తగారు అబద్ధం చెప్పట్లేదు, పుట్టిన బిడ్డకి తేనె నెయ్యి నాకించమని చరక సంహితలో ఉన్నమాట నిజమే. కానీ మీ డాక్టరమ్మ మాటే వినండి. తేనెలో ఒక రకం బ్యాక్టీరియా విత్తనాలు ఉండొచ్చు, పెద్దవాళ్ల పేగుల్లో అవి ఏమీ చెయ్యలేవు, ఏడాది లోపు పిల్లల పేగుల్లో మొలిచి విషం తయారు చేస్తాయి, బిడ్డ ఒళ్లు వేలాడేసి పాలు కూడా తాగలేని స్థితికి వస్తుంది. ఈ జబ్బుని పసిపిల్లల్లో గుర్తించిందే 1976లో. చరకుడికి తెలిసే దారి లేదు, మనకి తెలిశాక కూడా పెడితే ఆయన మీద నెట్టడానికి వీల్లేదు.

వస సంగతి, మనవాళ్లందరికీ ఇష్టమే, వాగుడుకాయల్ని వసపిట్ట అంటాం కదా. కానీ అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదని 1968లోనే అమెరికాలో ఆహారంలో వాడకుండా నిషేధించారు. మాటలు రావాలంటే పాపతో ఎక్కువ మాట్లాడమనండి అత్తగారిని, ఆవిడకంటే బాగా ఎవరు మాట్లాడతారు! ఆవిడ మనసు నొచ్చుకోకుండా నలుగు, నూనె మర్దన, స్నానం ఆవిడకి అప్పజెప్పండి, నూనె ముక్కులో చెవుల్లో పొయ్యకుండా ఉంటే చాలు. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పొయ్యడం ఆవిడ దగ్గర మీరూ నేర్చుకోండి.

ప్రశ్న: రాగి చెంబులో నీళ్లు తాగితే మంచిదా? — నంద్యాల

జవాబు: రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లలో విరేచనాల బ్యాక్టీరియా చచ్చిపోతుందని బెంగళూరు వాళ్లు చేసిన స్టడీ 2012లో వచ్చింది, 16 గంటలు ఉంచి చూశారు. రాగి కూడా పరిమితికి చాలా తక్కువే దిగింది. కాబట్టి తాగండి. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు చారు మాత్రం అందులో పొయ్యొద్దు, రాగి కరిగి కడుపులో తిప్పుతుంది, మన అమ్మమ్మలు పులుపు వండే గిన్నెలకి కళాయి పూయించింది అందుకే. క్యాన్సర్ పోతుంది, థైరాయిడ్ పోతుంది అనేవి మాత్రం చెంబులు అమ్మేవాళ్ల మాటలు.

ప్రశ్న: మా ఊరికి వచ్చే వైద్యుడు నాడి పట్టుకుని బీపీ, షుగర్, కిడ్నీలో రాళ్లు అన్నీ చెప్పేస్తున్నాడు. ఇది ఋషుల కాలం నాటి విద్యేనా? — జగిత్యాల

జవాబు: ఇది చాలామందికి తెలియని సంగతండీ, ఇప్పుడు వాళ్లు చూసే పద్ధతిలో నాడీ పరీక్ష చరకంలోనూ లేదు సుశ్రుతంలోనూ లేదు. అది శార్ఙ్గధర సంహితతో మొదలై, అంటే 13, 14 శతాబ్దాల కాలంలో, తర్వాత ఊపందుకుంది. వాతం ఎక్కువైతే పాములా జలగలా పాకుతుంది, పిత్తమైతే కాకిలా కప్పలా గెంతుతుంది, కఫమైతే హంసలా నడుస్తుంది అని ఆ వర్ణన. మన తెలుగు నేల మీద పుట్టిన బసవరాజీయం అనే వైద్య గ్రంథం మొదట్లోనే నాడి గురించి చెబుతుంది, అందుకే మన వైపు పల్లె వైద్యులకి అది అంత అలవాటు.

చెయ్యి తిరిగిన వైద్యుడికి నాడి చూస్తే జ్వరం, నీరసం, గుండె లయ తప్పడం లాంటివి తెలుస్తాయి. కిడ్నీలో రాయి సైజు తెలియదు. టెస్టు చెయ్యకుండా జబ్బు పేరు పెట్టి, ఆ జబ్బుకి తన దగ్గరే మందుందని సంచిలోంచి తీస్తే మాత్రం లేచి వచ్చేయండి.

ప్రశ్న: కరోనా అప్పట్నుంచి రోజూ తిప్పతీగ కషాయం తాగుతున్నా. మూలికే కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు కదా? — అనంతపురం

జవాబు: ఆ "మూలికే కదా" అనే మాట చరకుడు వింటే ఊరుకోడు. తెలియని మందు విషంలాంటిది, ఆయుధంలాంటిది, పిడుగులాంటిది అన్నాడాయన, బాగా తెలిసి వాడితే తీవ్రమైన విషం కూడా మందే అన్నాడు. మొక్కని గుర్తుపట్టడం మేకల కాపరికీ గొర్రెల కాపరికీ వచ్చు, ఎవరికి, ఎంత, ఎప్పుడు ఇవ్వాలో తెలిసినవాడే వైద్యుడు అని కూడా అక్కడే ఉంది.

తిప్పతీగ విషయానికొస్తే, 2021లో ముంబై డాక్టర్లు, మరుసటి ఏడాది 13 హాస్పిటళ్ల డాక్టర్లు కలిసి 43 మంది రోగుల వివరాలతో, ఇది తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిందని రిపోర్టులు ఇచ్చారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అదే జాతిలో చూడ్డానికి ఒకేలా ఉండే ఇంకో తీగ తాగి ఉండొచ్చు అంది. ఎవరు కరెక్టయినా మీకు వచ్చే తేడా ఏంటి, మీరు గోడ మీద కోస్తున్నది ఏ తీగో మీకు ఖాయంగా తెలుసా? థైరాయిడ్, కీళ్లవాతం లాంటి సొంత ఒంటి మీదే ఇమ్యూనిటీ తిరగబడే జబ్బులున్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. ఇన్నేళ్లుగా తాగుతున్నారు కాబట్టి ఆపేసి ఒకసారి లివర్ టెస్టు చేయించుకోండి, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా వెంటనే.

లోహాలు కాల్చి చేసే భస్మాలైతే ఇంకా జాగ్రత్త. 2004లో వచ్చిన ఒక స్టడీలో, అమెరికాలోని బోస్టన్ షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద మందులు టెస్ట్ చేస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. ఈ భస్మాలు చేసే రసశాస్త్రంలో లోహాన్ని ఎన్నిసార్లు శుద్ధి చెయ్యాలి, ఎన్ని పుటాలు పెట్టాలి, అంటే ఎన్నిసార్లు కాల్చాలి అని బోలెడు కట్టుబాట్లు ఉన్నాయి, అవన్నీ చేసి పెట్టారని డబ్బా మీద బొమ్మ చూసి తెలియదు కదా.

ప్రశ్న: చేప ప్రసాదం ఆయుర్వేదమేనా? — వరంగల్

జవాబు: కాదు. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఉబ్బసం తగ్గుతుందని కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు ముద్ద పెట్టి మింగిస్తారు, తమ పూర్వీకుడికి ఒక సాధువు చెప్పాడని ఆ కుటుంబం చెబుతుంది. ఒకప్పుడు చేప మందు అనేవాళ్లు, కోర్టు గొడవల తర్వాత ప్రసాదం అంటున్నారు. నమ్మకం మీది, ఇన్‌హేలర్ మాత్రం జేబులోనే ఉంచుకుని క్యూలో నిలబడండి.

ప్రశ్న: ఇంతకీ ఆయుర్వేదం గొప్పదా ఇంగ్లీషు మందు గొప్పదా? మంచి ఆయుర్వేద డాక్టర్ని ఎలా పట్టుకోవాలి? — భీమవరం

జవాబు: భీమవరం నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది, ఎందుకంటే మీ ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే దీనికి జవాబు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో నిలబడ్డారు. ఖద్దరు కట్టాడని కోపం వచ్చిన ప్రొఫెసర్ వల్ల ఎంబీబీఎస్ రాక దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకుని, అదే లక్ష్మీపతి గారి మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లి, ఆయన టీమే 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, స్ప్రూకి వాడే మందుల్లో అదొకటి. ఆయన ఏ వైపు అని అడిగితే ఏం చెబుతాం? సర్పగంధ కూడా అంతే, మన పాత మూలిక, 1949లో బొంబాయి డాక్టర్ వకీల్ తన బీపీ రోగుల మీద చూసి ఇంగ్లీషు జర్నల్‌లో రాస్తే ప్రపంచం వాడింది, మనసు దిగులుపడే సైడ్ ఎఫెక్ట్ బయటపడ్డాక తగ్గించేసింది. రెండూ పరీక్ష పెట్టినందువల్లే తెలిశాయి.

డాక్టర్ సంగతంటే, బీఏఎంఎస్ చదివి ఉండాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల కోర్సు అది, రాష్ట్ర బోర్డు రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే చెప్పాలి. మీకు దగ్గర్లో విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరున్న ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ హాస్పిటల్ ఉంది, తెలంగాణ వాళ్లకి హైదరాబాద్ ఎర్రగడ్డ, వరంగల్, రాయలసీమ వాళ్లకి తిరుపతిలో టీటీడీ వాళ్లది. మీరు వాడుతున్న ఇంగ్లీషు మందుల చీటీ తప్పకుండా తీసుకెళ్లి చూపించండి, అది చూడకుండానే మందు రాసిచ్చే డాక్టరైతే ఇంకొకర్ని వెతుక్కోండి. మందు డబ్బా మీద తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, అందులో ఏం కలిపారో పేర్లు ఉన్నాయో లేదో చూసి కొనండి, ఉత్త కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే పొడి మాత్రం వద్దు.